కోసేసిన పదకొండు లైన్లు

వార్త రాయడంలో నాకు మొదట నేర్పిన పాఠం, ముఖ్యమైనది పైన పెట్టమని. ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది అన్నవి మొదటి రెండు వాక్యాల్లో తేలిపోవాలి. ఆ తర్వాత ప్రాధాన్యం తగ్గుకుంటూ కిందికి దిగాలి. పేజీలో చోటు చాలకపోతే కింది నుంచి కోసుకుంటూ రావచ్చు, వార్తకేమీ కాదు. తెనాలిలో మా పత్రిక జిల్లా డెస్కులో కూర్చుని పాతికేళ్లకు పైగా ఆ పని చేశాను. ఎన్ని తోకలు కోశానో లెక్క లేదు. ఎవరూ అడగలేదు కూడా. తోకలో ఉండేది సాధారణంగా ‘కార్యక్రమంలో ఫలానా వారు పాల్గొన్నారు’ అన్న మాటే. పాల్గొన్నవాళ్లు తప్ప దాన్ని ఎవరూ వెతుక్కోరు.

ఒక్కసారి మాత్రం ఒకావిడ అడిగింది. నేను కోయలేదన్నాను. అది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజుల్లో వారానికోసారి పదో తరగతి పిల్లల కోసం అర పేజీ వేసేవాళ్లం. చుట్టుపక్కల ఊళ్ల టీచర్లు రాసి పంపేవారు. ప్రతిఫలమేమీ లేదు, పేరు వేస్తాం అంతే. లెక్కలు రాసేది రేపల్లెలో ఉండే ఒక రిటైరైన టీచరమ్మ. మంగళవారం మంగళవారం రేపల్లె ప్యాసింజర్‌లో తెనాలి వచ్చి, స్టేషన్ నుంచి మా ఆఫీసుకు నడిచి, కాగితాలు చేతికిచ్చి వెళ్లేది. పొడుగు తెల్లకాగితం, నీలి సిరా, నాలుగు వైపులా స్కేలుతో గీసిన మార్జిన్. కొట్టివేత ఒక్కటి ఉండేది కాదు. మా కంప్యూటర్ ఆపరేటర్ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని, “మేడంగారి కాపీ వచ్చిందండి, చేతులు కడుక్కొస్తా,” అనేవాడు. టీ తాగమంటే తాగేది కాదు. తిరుగు బండి తప్పిపోతే రెండు గంటలు ప్లాట్‌ఫాం మీద కూర్చోవాలని ఆవిడ తొందర.

ఒక మంగళవారం మాత్రం కూర్చుంది. ఏళ్ల తరబడి పదో తరగతి పేపర్లు దిద్దడానికి వెళ్లిన సంగతి చెప్పింది. పిల్లలు జవాబు దొరకగానే కింద రెండు గీతలు గీసేసి ఆగిపోతారట. ఇంకో జవాబు ఉందేమోనన్న ఆలోచనే రాదట. ఇంకోటి లేదని రాసిన పిల్లవాడు వేలమందిలో ఒకడు కూడా కనబడలేదట. అందుకని ఈసారి దాని మీదే రాశానంది.

“దొరికిందని చెప్పడం తేలికండి,” అంది. “ఇక లేదని చెప్పడమే కష్టం. కళ్లజోడు ఇంట్లో లేదని చెప్పాలంటే ఇల్లంతా వెతకాలి కదా. ఈ లెక్కలో ఇంటికి అంతం లేదు. అయినా లేదని చెప్పొచ్చండి. అదే రాశాను.”

నేను తలూపాను. డెస్కు మీద ఉన్నవాడు రోజుకు వందసార్లు ఊపే తల అది.

ఆవిడ ఎంచుకున్న లెక్క చూడడానికి చిన్నది. రెండును రెండుతోనే గుణించుకుంటూ పోతే 2, 4, 8, 16, 32 వస్తాయి. మూడును మూడుతో గుణించుకుంటూ పోతే 3, 9, 27, 81. వీటిని ఘాతాలంటారు. రెండు వరసలూ ఎంత దూరమైనా పోతాయి. రెండు ఘాతానికి సరిగ్గా ఒకటి కలిపితే మూడు ఘాతం వచ్చే చోట్లు ఎన్ని? ఎన్నెన్నిసార్లు గుణించామన్నవే మనకు తెలియనివి, అవి పూర్ణాంకాలు కావాలి. ఇలాంటి వాటిని ఘాత రూప డయోఫాంటైన్ సమీకరణాలంటారని, వీటిలో కొన్ని పెద్ద పెద్ద వాళ్లకు కూడా లొంగలేదని, ఇది మాత్రం పదో తరగతి లెక్కలతోనే లొంగుతుందని రాసింది. పిల్లలకు అర్థం కావడానికి రేపల్లె రైలు పట్టాల మీద ఇద్దరు పిల్లల్ని నడిపించింది. ఒకడు ఆగే స్లీపరు, అంటే పట్టాల కింది అడ్డదిమ్మె, నంబరు ప్రతిసారీ రెండింతలవుతుంది, రెండోవాడిది మూడింతలు. మొదటివాడికి సరిగ్గా ఒక్క స్లీపరు ముందు రెండోవాడు ఎక్కడెక్కడ ఉంటాడు? మొదట్లోనే రెండు, మూడు ఉన్నాయి. కాస్త దూరం పోతే ఎనిమిది, తొమ్మిది ఉన్నాయి. ‘ఇంకా ఉన్నాయా?’ అని అడిగింది. ఆ ప్రశ్న దగ్గర పేరా ముగిసింది. దాని కింద ఇంకో పదకొండు లైన్లు ఉన్నాయి.

పేజీ గురువారం మధ్యాహ్నం కట్టేవాళ్లం. అంతా అయిపోయిందనుకున్నాక వేమూరు నుంచి ఒక శ్రద్ధాంజలి ప్రకటన వచ్చింది. ఆపరేటర్ నా వైపు తిరిగి, “లెక్కల పీసు పదకొండు లైన్లు ఎక్కువవుతోందండి. బొమ్మ తీసేద్దామా?” అన్నాడు. పట్టాల మీద నడిచే పిల్లల బొమ్మ. మా ఆర్టిస్టు చక్కగా వేశాడు, అది లేకపోతే పేజీ బోసిపోతుంది.

“బొమ్మ ఉండనీ. కింద లేపెయ్,” అన్నాను.

కాగితం మీద ఎర్ర పెన్నుతో ఆ పదకొండు లైన్లకు అడ్డంగా ఒక గీత గీశాను. వాటిని చదవలేదు. ప్రశ్నతో ముగిస్తే వ్యాసం అందంగా ఉంటుందని, చదివేవాడికి కాస్త పని పెట్టినట్టు ఉంటుందని కూడా అనుకున్నాను. ఆవిడ పెట్టిన శీర్షిక ‘ఇక లేవని ఎలా చెప్పగలం?’ అలాగే ఉంచాను. శీర్షిక ఒక మాట ఇస్తోందని, కింద ఆ మాట నిలబెట్టుకునే చోటునే నేను కోశానని నాకు తట్టలేదు. వార్తలో బరువంతా తలలో ఉంటుంది. లెక్కలో బరువు తోకలో ఉంటుందని నాకెవరూ నేర్పలేదు. నేర్పలేదన్నది సాకు కాదు. చదివి ఉంటే తెలిసేది.

పేజీ వచ్చిన రోజు పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది. బొమ్మ బాగుందంది, పెద్ద అక్షరాల్లో వేసినందుకు సంతోషమంది. తర్వాత మాత్రమే, “చివర కొంచెం పడలేదండి. వచ్చే వారం వేస్తారా?” అని అడిగింది. చూద్దామండి అన్నాను. మా ఆఫీసులో చూద్దాం అంటే వెయ్యం అని. ఆవిడకు ఆ సంగతి తెలియదు. సరేనండి అని పెట్టేసింది.

వచ్చే వారానికి బాపట్ల నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది అక్కడి ఒక లెక్కల లెక్చరరు. చదువుతుంటే నవ్వొచ్చేలా రాశాడు. మూడో తరగతి పిల్ల కూడా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగల రెండు జవాబులు చెప్పి, ఇక లేవని ఎలా చెప్పగలం అని మననే అడుగుతున్న టీచరు గారికి నమస్కారం అని ముగించాడు. అప్పటికి ఆవిడ కాగితం నా సొరుగులోనే ఉంది. తీసి చూడడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషంలో తెలిసిపోతుందన్న అనుమానం ఉండబట్టే తీయలేదనుకుంటాను. తీస్తే సవరణ వెయ్యాలి. సవరణ వేస్తే నెలాఖరు నివేదికలో మా డెస్కు పేరు ఎక్కుతుంది, పైనుంచి ఒక మెమో వస్తుంది. అంతకు మించి ఏమీ లేదు. ఉద్యోగం పోయేది కాదు.

ఉత్తరం వేశాను. మిగిలిన పదకొండు లైన్లు పడాల్సిన చోటులోనే వేశాను. దానికి ‘రెండు దొరికాయి, మూడోది మీ ఇష్టం’ అని శీర్షిక కూడా నేనే పెట్టాను. బాగుందని డెస్కులో అందరూ అన్నారు. అది ఫోన్లలో తిరిగిందని, రేపల్లెలో కూరగాయల దగ్గర కూడా ఎవరో ఆవిడ ముందు ఆ మాట అన్నారని తర్వాత విన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడు బాపట్లలో లెక్కల టీచర్లంతా ఒక ఆదివారం కలుస్తున్నారు. అందులో అరగంట మాట్లాడమని ఆవిడను అడిగారు. సర్వీసంతా ఆవిడ ఆ కూటాలకు వెళ్లి కిందే కూర్చుంది. వేదిక ఎక్కమని అడగడం అదే మొదలు. నాతో చెప్పినప్పుడు దాన్ని ఒక చిన్న విషయంలా చెప్పబోయి చెప్పలేకపోయింది. ఏ చీర కట్టుకోవాలో కూడా మా ఆపరేటర్‌ను అడిగింది. “నల్లబల్ల మీద సుద్ద పడుతుందండి, తెల్లంచు కట్టుకోండి,” అన్నాడు వాడు. ఉత్తరం పడ్డాక నిర్వాహకులు ఫోన్ చేసి, ఈసారికి కూర్చోండి మేడం, వచ్చే ఏడు చూద్దాం అన్నారట. వాళ్ల చూద్దాం కూడా మా చూద్దాం లాంటిదే. ఆ అరగంట లెక్చరరుకిచ్చారు.

బాపట్ల విలేకరికి ఒంట్లో బాగోక ఆ ఆదివారం నేనే వెళ్లాల్సి వచ్చింది. హాల్లో పత్రికల వాళ్లకు ముందు వరసలో కుర్చీలు వేశారు. వెనక్కి చూస్తే మూడో వరసలో ఆవిడ ఉంది. తెల్లంచు చీరే. ఒళ్లో బ్యాగు, బ్యాగు మీద చేతులు. రాదనుకున్నాను.

లెక్చరరు బాగా మాట్లాడతాడు. మధ్యలో ఒక కథ చెప్పాడు. వాళ్ల ఊళ్లో ఒకాయన తప్పిపోయిన గేదెల్ని వెతకడానికి వెళ్లి, గట్టు మీద రెండు కనబడగానే వాటిని తోలుకొచ్చి, ఇంకా ఉన్నాయేమో మీరే చూసుకోండని మంచమెక్కాడట. కొందరు లెక్కలు కూడా అలాగే చేస్తున్నారన్నాడు. హాలంతా నవ్వింది. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు, సగంమంది తలలు మూడో వరస వైపు తిరిగాయి.

ఆవిడ లేచి నిలబడింది. గొంతు పెద్దది చేయలేదు.

“చివర ఉందండి. ఇంక లేవని రుజువు రాశాను. పేపర్లో పడలేదు.”

ఆయన నవ్వుతూనే నా వైపు తిరిగాడు. “పేపరు వాళ్లు ఇక్కడే ఉన్నారుగా, అడుగుదాం. ఏమండీ, మేడంగారిది ఏమన్నా కోశారా?”

హాల్లో మళ్లీ చిన్న నవ్వు. నేను ఆయన వైపే చూస్తూ చెప్పాను. “లేదండి. మాకొచ్చింది వచ్చినట్టే వేశాం.”

ఎవరూ నన్ను బెదిరించలేదు. ఆలోచించుకోవడానికి సమయం లేదని కూడా అనను, ఉంది. ఎదురుగా మనుషులు కనబడితే పత్రిక తప్పు చేయలేదని చెప్పడం మా నోటికి అలవాటు. అలవాటైన మాట అడక్కుండానే వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి కూడా సమయం ఉంది. తీసుకోలేదు.

వెనక కుర్చీ చప్పుడు విన్నాను. ఆవిడ కూర్చుంది. భోజనాల వేళకు లేదు.

సాయంత్రం బాపట్ల స్టేషన్‌కు వెళ్లేసరికి ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద బెంచీ చివర కూర్చుని ఉంది. తెనాలి దాకా ఇద్దరిదీ ఒకే బండి. నేను కుళాయిల దిమ్మె వెనక నిలబడి ఆ బండి వెళ్లిపోయేదాకా ఆగాను. రెండో బండికి తెనాలి చేరాను. ఆ కూటం వార్త రాశాను. లెక్చరరు ప్రసంగం సభికులను అలరించిందని రాశాను. ముఖ్యమైనది పైన పెట్టాను.

ఆ తర్వాత మంగళవారాలు ఆవిడ రాలేదు. ఆపరేటర్ రెండు మూడు వారాలు అడిగాడు, తర్వాత మానేశాడు. వాడికి తెలుసు. లేపింది వాడి చేత్తోనే. వాడు నాతో ఆ మాట ఎన్నడూ అనలేదు గానీ, నేను టీ తెప్పిస్తే తాగడం మానేశాడు. కొన్నాళ్లకు పిల్లల పేజీ కూడా ఎత్తేశారు. జిల్లాలు విడదీసినప్పుడు తెనాలి గుంటూరులోనే ఉండి, రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయింది. రేపల్లె వార్తలు ఇక నా పేజీల్లోకి రావు. ఆ రోజు నాకు కలిగింది ఊరట. ఒక ఊరు నా నుంచి దూరమైనందుకు ఊరట పడ్డ మనిషిని నేను.

రిటైరైన రోజు సొరుగు ఖాళీ చేస్తుంటే అడుగున ఆ కాగితాలు దొరికాయి. ఎందుకు దాచానో తెలియదు. పారేయడానికి కూడా ఒకసారి చూడాలి కదా, అదే చేయలేకపోయానేమో. నీలి సిరా అలాగే ఉంది. నా ఎర్ర గీత కాస్త వెలిసింది.

ఇంటికి తెచ్చుకుని చదివాను. పదకొండు లైన్లు అర్థం కావడానికి నాకు మూడు రోజులు పట్టింది. మొదటి రోజు ప్రతి వాక్యం తెలుస్తోంది, ఒకదాని మీద ఒకటి ఎందుకు నిలబడిందో తెలియదు. రెండో రోజు కాగితం, పెన్సిలు పట్టుకుని మూడు ఘాతాలను వరసగా నాలుగుతో భాగించాను. మూడు, ఒకటి, మూడు, ఒకటి అని శేషాలు వచ్చాయి. మూడో రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు మొత్తం ఒకేసారి కనబడింది. సంతోషం రావాల్సిన చోటు అది. రాలేదు. ఇంత చిన్నదాన్ని, ఇంత గట్టిదాన్ని, చదవకుండా కోసి, ఆ కోసిన చోట ఆవిడ మీద నవ్వును అతికించానని అప్పుడు తెలిసింది. అంతకు ముందు నేను అనుకున్నది, ఆవిడ వ్యాసం కొంత కోశానని. కోసిందే వ్యాసం మొత్తం. కోయకుండా వదిలిందే మిగతాది.

వారం తర్వాత రేపల్లె వెళ్లాను. ప్యాసింజర్‌లో, ఆవిడ వచ్చిన దారినే. రైల్వే గేటు దాటాక ఇల్లు చెప్పింది ఒక టైలరు. డాబా ముందు చిన్న వరండా, గోడకు చర్చి క్యాలెండరు. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బాగా పెద్దదైపోయింది. నన్ను చూసి కళ్లజోడు సర్దుకుంది.

“ఏంటి సార్, దారి తప్పారా?”

లేదండి, మీకోసమే వచ్చానన్నాను. కాగితాలు ఇచ్చాను. ఎర్ర గీత ఉన్న కాగితం పైన పెట్టే ఇచ్చాను, దారిలో నాలుగుసార్లు కిందకూ పైకీ మార్చాక. ఆవిడ గీతను చూసింది. మొదటి నుంచి చదువుకుంది, వేలు లైను కింద జరుపుతూ, ఎవరో పిల్ల రాసింది దిద్దుతున్నట్టు.

“మీరు కోసినట్టు అప్పుడే తెలుసండి. పేజీలు కట్టే ఆ బాబు వచ్చి చెప్పాడు. చెప్పి ఏడ్చాడు కూడా,” అంది.

ఆ సంగతి నాకు తెలియదు. నేను క్షమించమని మొదలుపెట్టబోయాను. ఆవిడ చిక్కుడు గింజల పళ్లెం పక్కన పెట్టింది.

“ఇప్పుడన్నా చదివారా?”

చదివానన్నాను.

“అయితే చెప్పండి.”

వరండాలో నిలబడి చెప్పాను. రెండు ఒకటి కంటే ఎక్కువసార్లు ఉంటే నాలుగుతో పోతుందన్నాను. శేషాలు చెప్పాను. వర్గం దగ్గరకు వచ్చాను. రెండు కారకాలూ రెండు ఘాతాలే కావాలన్నాను. అక్కడ ఆపింది.

“ఎందుకు కావాలి?”

కాగితంలో ఉంది కనుక అన్నాను. ఆవిడ మొదటిసారి కొంచెం నవ్వింది. “పేపర్లో పడింది కాబట్టి నిజమన్నట్టు,” అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. గుణించగా వచ్చిన సంఖ్యలో రెండు తప్ప వేరే ప్రధాన సంఖ్య లేనప్పుడు, గుణించిన వాటిలో మాత్రం వేరేది ఎక్కడి నుంచి దూరుతుంది? అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పింది. మిగతాది నేను పూర్తి చేశాను.

అప్పుడు క్షమించమన్నాను. ఆవిడ పళ్లెం మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

“కోసినందుకు నాకు కోపం లేదండి. ఆ పని చేసేవాళ్లు కోస్తారు. ఆ రోజు హాల్లో మీరు ఆయన వైపు చూసి చెప్పారు. నా వైపు చూసి చెప్పుంటే నేను కూర్చునేదాన్ని కాదు. ఎవరి వైపు చూసి చెప్పారో వాళ్లకి చెప్పండి ఇప్పుడు. నాకెందుకు? నాకు తెలుసుగా.”

ఆ కాగితాలు మళ్లీ నా చేతికే ఇచ్చేసింది. టీ ఇచ్చింది. తాను తాగలేదు. బండికి వేళవుతోందని నన్ను లేపింది.

తెనాలి వచ్చాక లెక్చరరు నంబరు సంపాదించి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు. “ఏ లెక్కండీ అది?” అన్నాడు. గుర్తు లేదు. ఆ హాల్లో నవ్విన వాళ్లలో ఎంతమందికి గుర్తుంటుందో తెలియదు. వాళ్లందరినీ వెతికి చెప్పడం నా వల్ల కాదు. నాకు తెలిసిన పని ఒక్కటే, రాసి అచ్చుకివ్వడం. పాత ఆఫీసులో అడిగితే ఇంత పాతదానికి సవరణ ఏంటండీ అన్నారు. అందుకని ఇలా రాశాను. దీన్ని వేసేవారిని ఒకటే కోరుకున్నాను. చోటు చాలకపోతే పైన నేను రాసుకున్నదాంట్లో ఏదైనా తీసేయండి, కింద మాత్రం ముట్టుకోవద్దని.

‘రెండు ఒక్కసారే ఉన్నప్పుడు 2, 3 దొరికాయి. ఆ జతను పక్కన పెడదాం. రెండు ఒకటి కంటే ఎక్కువసార్లు ఉంటే ఆ సంఖ్య నాలుగుతో భాగింపబడుతుంది. దానికి ఒకటి కలిపి నాలుగుతో భాగిస్తే శేషం ఒకటి. మూడు ఘాతాలను నాలుగుతో భాగిస్తే శేషాలు వరసగా 3, 1, 3, 1. కనుక మూడు సరి సంఖ్య సార్లే ఉండాలి. అంటే అది మరో మూడు ఘాతానికి వర్గం. వర్గంలో ఒకటి తీసేస్తే వచ్చేది, ఆ మరో ఘాతం కన్నా ఒకటి తక్కువ సంఖ్యకు, ఒకటి ఎక్కువ సంఖ్యకు లబ్ధం. ఆ లబ్ధం రెండు ఘాతం కనుక, గుణించిన రెండూ రెండు ఘాతాలే. వాటి మధ్య తేడా రెండు. అలా తేడా ఉన్నవి 2, 4 మాత్రమే. వాటి మధ్యనున్నది 3, దాని వర్గం 9, దాని ముందుది 8. పట్టాల మీద ఎంత దూరం నడిచినా ఇక లేవు. పిల్లలూ, ఇక వెతకనక్కర్లేదు. ఇంటికి వెళ్లవచ్చు.’